సంఘభవనమున కొక యరుగు

(వార్షిక మహాసభయం దొసగిన యుపన్యాసము)



ఈ సభయందు విద్యావిషయమును గూర్చి మాటలాడవలసినదిగ కార్యదర్శిగారు మమ్ము గోరిరి. ముప్పదియైదేండ్లు బడిపంతులుగ నుండినవానిని మఱేమి కోరుదురు? కాని విద్యను గూర్చి ఈ వేదికమీద ప్రతివత్సరము నెవరో యొకరు చెప్పుచునే యున్నారు. మన బిడ్డలును చదువుకొనుచునే యున్నారు. ఇచ్చట నెవ్వరును చెప్పని విషయ మొకటి కలదు. దానిని చెప్పుటకు సెలవిండని వేడుకొంటిమి. కార్యదర్శిగారు కొంత తటపటాయించి, సభ శుభకార్యము వంటిది గనుక అమంగళము పలుకరాదను నియమముతో నంగీకరించిరి. మనోవ్యాధి అమంగళ మెట్లగునో మాకు బోధపడలేదు. జ్వరము అమంగళము కాదు. మధుమేహము అమంగళము కాదు. మధ్యాహ్నభోజనమునకు ముందు దానికై మాత్రలు మ్రింగువారు ఈ పందిరిలోనే పదుగురకు తక్కువ యుండరు. మనస్సునకు వచ్చిన రోగము మాత్రమే నోట పలుకరాని దయ్యెను.

మా కోరిక యిది. మనకు భవనము కలదు. ముహూర్తము లున్న దినములలో దానికి దీపాలంకారము, భజంత్రీలు. లేని దినములలో తాళము. ఆ తాళమును ప్రతిదినమును తీయవలెను. లోపల నలుగురు కూర్చుండి మాటలాడుకొనుటకు చోటు కల్పింపవలెను. ఆ నలుగురి నడుమనే, మనస్సు చెదరినవారును, దిగులుతో కుంగినవారును రోగులుగ గాక సభ్యులుగ కూర్చుండవలెను. ఆసుపత్రి కట్టుడని మే మనుట లేదు. అరుగు వేయుడనుచున్నాము.

సభలోని యువకులలో కొందఱు అరుగును చూచియుండరు. వీధివాకిటి కిరుప్రక్కల నుండెడి ఆ తిన్నె ఇంటిదియు గాదు, వీధిదియు గాదు. పనిగలవాడును, పనిలేనివాడును, బాటసారియు దానిమీద కూర్చుండవచ్చును. ఎందులకు కూర్చుంటివని యడుగువారు లేరు. చావు జరిగిన యింటివాడు నెలదినములు అరుగుమీద నోరు మెదపక కూర్చున్నను ఎవ్వరును ప్రశ్నింపరు. ఒకనాడు రాకపోయెనా, లోపలికి వచ్చి విచారింతురు. పొగడుచు పొగడుచు దాని దోషములు దాచుట మాకిష్టము లేదు. స్త్రీలు వీధియరుగుమీద కూర్చుండుట యరుదు. వారి యరుగు బావిగట్టు. కొన్ని కులములవారు అరుగు క్రిందనే నిలువవలసి వచ్చెడిది. మనము వేయబోవు నరుగునకు ఈ రెండు దోషములును ఉండరాదు.

అరుగు పోయిన పిదప తెలుగువారు పట్టణములలో దానికి బదులు వెదకికొనిరి. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసెను. 1914లో బెజవాడయందు అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. పుస్తకము లొక నెపము. జనులు కలిసికొనుట అసలు పని యని మా యభిప్రాయము, గ్రంథాలయోద్యమాభిమానులు కోపింతురు గాక. ఆ యుగముననే కులసంఘములు వసతిగృహములు కట్టించినవి. పల్లెనుండి వచ్చిన బాలుడు పట్టణమున దిక్కులేక తిరుగరాదని ఆనాటి పెద్దలు తలంచిరి. అన్నమునకును చదువునకును దిక్కు చూపిరి. నేడు ఆ బాలుని మనుమడు బెంగుళూరులోనో, టెక్సాసులోనో యున్నాడు. వాని తలిదండ్రులు అపార్టుమెంటు మూడవ యంతస్తున తలుపు వేసికొని యున్నారు. ఆదివారమునాడు సెల్లుఫోనున మనుమరాలి ముఖము పది నిమిషములు కనబడును. తక్కిన ఆఱుదినములు గోడలు. ప్రపంచారోగ్యసంస్థ నియమించిన సంఘము 2025 జూనున నివేదిక వెలువరించి, లోకమున ఆఱుగురిలో నొకరు ఒంటరితనముచే బాధపడుచున్నారని తెలిపినది. వృద్ధులే గాదు, యువకులలో నిది మిక్కుటమనియు నందు గలదు.

ఒంటరితనము స్వయముగ రోగము కాదు. రోగమునకు నేల దున్ని పెట్టునది అది. మనోవ్యాధులను రెండు తెగలుగ జూచిన మన ప్రయోజనమునకు చాలును. దిగులు, భయము, నిద్రలేమి, ఏ పనియందును ఆసక్తి లేకుండుట మొదలగునవి మొదటి తెగ. ఇవి అనేకులకు వచ్చును. లేని మాటలు వినబడుట, ఎవరో వెంటాడుచున్నారని నమ్ముట, పగలు రాత్రి భేదము లేక ఉద్రేకించుట మొదలగునవి రెండవ తెగ. ఇవి కొలదిమందికే వచ్చును గాని, వైద్యము లేక తీరవు. బెంగుళూరునందలి నిమ్హాన్సు సంస్థవారు 2015-16లో 12 రాష్ట్రములలో పరిశీలన జరిపిరి. మత్తుపదార్థముల వ్యసనమును గూడ చేర్చి చూడగా, పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మనోవ్యాధి యుండెను. వారిలో చికిత్స పొందనివారు, వ్యాధిని బట్టి, నూటికి 70 మొదలు 92 వఱకు. ఆ 12 రాష్ట్రములలో మన రెండు రాష్ట్రములును లేవు. కావున మన సంగతి అంతకంటె మేలని మురియుట కాధారము లేదు.

ఇక అరుగును గూర్చి ఇతరు లేమి చేసిరో వినుడు.

1940 దశకమున అమెరికాదేశపు న్యూయార్కు రాష్ట్రమునందు రాక్లాండు అను మానసిక వైద్యశాల యుండెను. అందు చికిత్స పొందినవారు కొందఱు, బయటకు వచ్చిన పిదప, తమలో తాము కలిసికొనుట కారంభించిరి. వైద్యశాలనుండి బయటకు వచ్చువానికి వ్యాధి తగ్గియుండవచ్చును. కాని పోవుటకు చోటు లేదు, చేయుటకు పని లేదు, పలుకరించువాడు లేడు. తమ గుంపునకు వారు, మన మొంటరివారము కామను నర్థము వచ్చు పేరు పెట్టుకొనిరి. 1948లో దాతల సాయముచే నగరమున నొక యిల్లు సమకూడెను. పెరటిలో నీరు చిమ్ము ఫౌంటెను ఉండుటచే దానికి ఫౌంటెన్ హౌస్ అను పేరు వచ్చినది. 1955లో జాన్ బియర్డు అను నాయన అధిపతియై వచ్చి దానికొక పద్ధతి నేర్పఱచెను.

ఆ పద్ధతిని మేము మిక్కిలి మెచ్చుకొంటిమి గనుక కొంచెము విస్తరించి చెప్పెదము. అచ్చటికి వచ్చువారిని రోగులనరు, సభ్యులందురు. సభ్యత్వమునకు గడువు లేదు. ఒకసారి చేరినవాడు జీవితాంతము సభ్యుడు. జీతముపై నుండు ఉద్యోగులను కావలెనని తక్కువమందినే నియమింతురు. ఎందుకనగా, ఉద్యోగులు చాలినంతమంది యున్నచో సభ్యులతో పని యుండదు. వంట, లెక్కలు, తోటపని, పత్రిక అచ్చువేయుట, ఫోనులకు జవాబు చెప్పుట, ఇవన్నియు ఉద్యోగులును సభ్యులును ప్రక్కప్రక్కన నిలిచి చేయుదురు. ఒక సభ్యుడు నాలుగుదినములు రాకపోయిన, తక్కిన సభ్యులు ఫోను చేసి, నీవు లేక వంటపని ఆగినదందురు. మనోవ్యాధిగ్రస్తునితో లోకము వేయివిధముల మాటలాడును: జాలిపడును, మందలించును, భయపడును. నీతో మాకు పనియున్నదని మాత్రము చెప్పదు. ఆ మాట చెప్పుటయే ఫౌంటెన్ హౌస్ వారు కనిపెట్టిన మందు. కొంత కుదుటబడినవారికి బయటి దుకాణములలోను కచ్చేరీలలోను కొన్ని నెలలపాటు నిజమైన జీతమునకు నిజమైన పని యిప్పింతురు.

నేడు ఈ పద్ధతి నవలంబించు గృహములు 30కి పైగా దేశములలో 300లకు మించి యున్నవి. ఇది తెల్లవారికే చెల్లునని యనువారికి ఒక సంగతి: లాహోరునందు 1971లోనే ఫౌంటెన్ హౌస్ స్థాపింపబడి నేటికిని నడుచుచున్నది. పంజాబీకి చెల్లినది తెలుగువానికి చెల్లదా?

రెండవ యుదాహరణము ఇంతకంటెను మన కనుకూలమైనది, ఏలయన దీనికి ఇల్లు సైతము అక్కఱలేదు. ఆఫ్రికాఖండమున జింబాబ్వే దేశము పేదది. అచ్చట మనోవైద్యులను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. వారిలో నొకరైన డిక్సన్ చిబాండాగారు 2006లో హరారే నగరమునందలి మ్బారె అను పేదల పేటలో, 14 మంది అవ్వలను గూర్చుకొని పని యారంభించెను. ఆ యవ్వలు పెద్ద చదువులు చదివినవారు గారు. పేటలో ఆరోగ్యప్రచారము చేయుచుండినవారు. ఆసుపత్రి ఆవరణమున చెట్టునీడను ఒక చెక్కబల్ల వేసిరి. మొదట దానికి మానసికారోగ్యపు బల్ల యని పేరు పెట్టగా ఎవ్వరును కూర్చుండకపోయిరి! అవ్వలే ఆ పేరు తీసివేయించి స్నేహపు బల్ల యనిరి. అటుపిమ్మట జనులు వచ్చిరి. చూచితిరా, ఒక్క పేరులో నెంత యున్నదో. వారి షోనాభాషలో ఈ దుఃఖవ్యాధిని కుఫుంగిసిస యందురు. మితిమీరి యాలోచించుట యని యర్థము. మనవారు బెంగ పెట్టుకొన్నాడందురు. ఇంగ్లీషు పేరు చెప్పిన అడ్డముగ తలయూపు ముసలమ్మ, బెంగ యనగనే తన కథయంతయు చెప్పును. మన యరుగుమీద ఆ మాటయే వాడుదము.

అవ్వలు చేయున దేమి? వినుట. బాధలన్నిటిని చెప్పించి, వానిలో నొక్కదానిని ఎన్నుకొమ్మనుట. ఆ యొక్కదానికి ఈ వారము ఏమి చేయగలవని యడుగుట. మరుసటి వారము వచ్చినపుడు, చేసితివా యని యడుగుట. ఇట్లు ఆఱు మాఱులు. ఇంతియే. దీనిని పరీక్షించిరి. 573 మందిని రెండు వర్గములుగ విభజించి, ఒక వర్గమును అవ్వలయొద్దకును, మఱియొక వర్గమును మామూలు చికిత్సకును పంపిరి. ఆఱునెలల పిదప చూడగా, మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 50 మందికి కుంగుబాటు నిలిచియుండెను. అవ్వలయొద్ద కూర్చున్నవారిలో 14 మందికి మాత్రమే. ఈ ఫలితము 2016లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటింపబడినది.

ఇది మన ప్రాచీనులకు తెలియనిదా యని లేచి యడుగు పండితులు ఈ సభలో నున్నారు. మేమును ఆ పాఠశాలయందే చదివినవారము గనుక వారి ముఖములను గుర్తింపగలము. నిజమే. చరకసంహిత మూడువిధములైన చికిత్సలను చెప్పి, అందొకదానికి సత్త్వావజయమని పేరిడినది. అహితములైన విషయములనుండి మనస్సును మరల్చుట దాని లక్షణము. ప్రియవస్తువు నశించుటచే మతి చలించినవానిని ఓదార్పుచేత శమింపజేయవలెనని ఉన్మాదచికిత్సాధ్యాయమున గలదు. కాని ఆ యధ్యాయముననే బెదరించుట, బంధించుట, కొట్టుటయు చికిత్సలుగ జెప్పబడినవి. పూర్వులు చెప్పినందుననే సర్వమును శిరసావహించుట పాండిత్యము కాదు. ఓదార్పును దీసికొందము, కొరడాను గ్రంథముననే విడుతము.

భగవద్గీతను చూడుడు. నిత్యము పారాయణము చేయువారు సైతము గమనింపని యంశ మొకటి. మొదటి యధ్యాయమునకే విషాదయోగమని పేరు. ఒడలు వడకి, నోరెండి, విల్లు జాఱిన యర్జునుడు ఆ యధ్యాయమున చాలసేపు తన దుఃఖమును చెప్పుకొనును. శ్రీకృష్ణుడు నడుమ నడ్డుపడడు. రెండవ యధ్యాయమున మొదట మందలించి చూచెను. మందలింపు పనిచేయలేదు, అర్జునుడు మరల చెప్పుకొని కూలబడెను. పిమ్మటనే యుపదేశము. మన యిండ్లలో మనము వినుటను వదలి, మందలింపునుండియే మొదలిడుచున్నాము. మగవాడవై యేడ్తువా, తిన్నది అరుగక యిట్టి యాలోచనలు, పూజ చేసికొనుము, పెండ్లి చేసిన కుదురును! ఈ చివరి మాటవలన ఎందఱు కన్యల బ్రదుకులు బుగ్గియైనవో లెక్క లేదు. పెండ్లి మనోవ్యాధికి మందు కాదు.

మన దేశమునందును మంచి జరుగకపోలేదు. అమృతసరస్సు మానసిక వైద్యశాలయందు 1950 దశకమున విద్యాసాగర్ అను వైద్యుడు, రోగితోపాటు వాని బంధువులను గూడ ఆవరణమున డేరాలలో నుండనిచ్చెను. రోగిని విడిచిపెట్టి పోవు ఆచారమున కది గొప్ప దెబ్బ. తెలుగువారు పెక్కుమంది గల బళ్లారి జిల్లాయందు నిమ్హాన్సువారు 1980 దశకమున గ్రామవైద్యులచేతనే మనోవ్యాధులకు చికిత్స చేయించి చూపిరి. ఆ మాదిరిని బట్టి 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమము నాలుగు జిల్లాలలో మొదలయ్యెను. ఆ నాలుగింట మన మెదకు ఒకటి. చెడ్డకును ఉదాహరణ మున్నది. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాటి ఏర్వాడియందు, స్వస్థత కోరి బంధువులు విడిచిపోయిన రోగులు నివసించు పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియుండుటచే పాఱిపోలేక 28 మంది దహనమైరి. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణచట్టము రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. చట్టమునకు కనబడు గొలుసు ఇనుపది.

ఇప్పుడు మేము అసలు సంగతికి వచ్చుచున్నాము. ఇంతవఱకు చెప్పినదానికి సభికులు తలలూపిరి, ఇకమీద ఊపరేమో.

మన భవనమున అరుగు వేసిన ఎవరు వచ్చి కూర్చుందురు? మనవారు రారు. ఎందుకు రారు? మనవారే యుందురు గనుక. ఊరిలో ఇతరులకు తెలిసినను భయపడనివాడు, మన సంఘమువారికి తెలియుటకు గడగడ వడకును. ఏలయన సంబంధములు కలుపుకొనువారము మనమే. వధూవర పరిచయసభ ఈ భవనముననే జరుగును, జాతకములు ఈ బీరువాలోనే యుండును. ఫలానావారి యింట పిచ్చి కలదను మాట ఒక్క శ్రావణమాసములో మూడు జిల్లాలు తిరుగును. ఆ మాటవలన రోగికి గాక, రోగి చెల్లెలికి, అన్నకు, మేనకోడలికి సంబంధములు తప్పును. కావున సంఘ మెంత బలముగ నుండునో దాచుట అంత బలముగ నుండును. కులసంఘముయొక్క మేలును కీడును ఒక్క వేరునుండియే పుట్టినవి.

మా శిష్యు డొకడు గణితమున మా బడి కంతటికిని ప్రథముడై యుండెను. ఇంజనీరింగు చదువునడుమ వానికి జబ్బు చేసినది. గోడలు తనను తిట్టుచున్నవనెడివాడు. తండ్రి యింటికి దెచ్చి వెనుకగదిలో నుంచెను. కూతురి పెండ్లి యగువఱకు, అనగా నాలుగేండ్లు, వైద్యునికి చూపలేదు. చూపిన తెలియునని భయము. ఆ పెండ్లి మన భవనముననే జరిగెను. మేమును పంక్తిలో కూర్చుండి భోజనము చేసితిమి. పిల్లవాడెక్కడ అని యెవరో యడుగగా, అమెరికాలో నున్నాడు, సెలవు దొరకలేదనిరి. వాడు అప్పుడు మూడు వీధుల యవతల తాళమువేసిన గదిలో నుండెను. పెండ్లియైన ఆఱునెలలకు సంగతి బయటపడెను. ఎవరికి తెలియరాదని నాలుగేండ్లు దాచిరో ఆ యల్లుడే, బావమఱదిని కారులో నెక్కించుకొని వైద్యునియొద్దకు తీసికొనిపోయెను. ఇప్పుడు వాడు మాత్రలు క్రమముగ వేసికొనుచు, బావగారి దుకాణమున లెక్కలు వ్రాయుచున్నాడు, లెక్క తప్పడు. కాని ఇట్టి వ్యాధికి తొలిదినములలోనే వైద్యము చేసిన గుణ మెక్కువ, ఆలస్యమైనకొలది గుణము తక్కువ యని వైద్యులు చెప్పుదురు. ఆ నాలుగేండ్లను వానికి మరల నిచ్చువా రెవరు?

అట్లయిన నిజము దాచి పెండ్లి చేయవచ్చునా యని మీ రడుగుదురు. చేయరాదు. కాని చెప్పవలసినవారు ఆ వ్యక్తియు వాని యింటివారును. చెప్పవలసినది సంబంధము కుదుర్చుకొను నెదుటివారికి. సంఘమునకు దానితో నేమి పని? రోగియొక్క రహస్యమును కాపాడుట రోగి హక్కని పైని చెప్పిన చట్టమున నున్నది.

కావుననే మేము చోటును, సాంగత్యమును, ఓదార్పును ఒక్క కప్పుక్రింద కోరుచున్నాము. అరుగునకు వేఱుగ వెనుకద్వారము పెట్టవలెనని కొందఱు మిత్రులు సలహా చెప్పిరి. వెనుకద్వారమున పోవువానిని లోకమంతయు వేలెత్తి చూపును. ద్వార మొక్కటే యుండవలెను, అది వీధివైపునదే కావలెను. లోపల వార్తాపత్రికలు, క్యారమ్ బల్ల, చదరంగము, తేనీరు, శనివారము పురాణమో పద్యపఠనమో యుండవలెను. అప్పుడు లోపలికి పోయినవాడు పత్రికకై పోయెనో, దిగులు చెప్పుకొనుటకై పోయెనో చూచువారికి తెలియదు. కొన్నాళ్లకు పోయినవానికిని తెలియదు. పత్రికకై పోయినవాడే ఒకనాడు నోరు విప్పును. మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వఱకు స్త్రీలకు, వంటింటిపని ముగియు వేళ గనుక. సాయంకాలము అయిదు మొదలు ఎనిమిది వఱకు అందఱకును.

అరుగుమీద కూర్చుండి వినువారిని ఎన్నుకొనుటయందు ఒక కఠిననియమ ముండవలెను. వధూవర పరిచయశాఖలో పనిచేయువారెవ్వరును, వారి యింటివారును ఇందులో నుండరాదు. పేర్లు వ్రాసిన పుస్తకము బీరువాలో నుంచుట కాదు, అసలు వ్రాయనేరాదు. అంతకుమించి యొక మాట చెప్పుదుము, ఆగ్రహింపకుడు. మన పట్టణమున ఇతర కులసంఘముల భవనములును ఉన్నవి. అవియు మన భవనమువలెనే తాళములు వేసియున్నవి. వారి యిండ్లలోను వెనుకగదు లున్నవి. మనవారు మనవారికి జడియుదురు, వారివారు వారివారికి జడియుదురు. కావున మన యవ్వలు నలుగురు వారి యరుగుమీదను, వారి యవ్వలు నలుగురు మన యరుగుమీదను కూర్చుండునట్లు వంతులు వేసికొందము. మనతో సంబంధము కలుపుకొనని అవ్వకు మన రహస్యముతో వ్యాపారము లేదు. వచ్చువానిని సైతము కులగోత్రములు అడుగరాదు. కులసంఘపు సభలో నిట్టి మాట యనుట సాహసమే. మా వయస్సున కొంత సాహసము క్షమార్హము.

అవ్వలకును తాతలకును శిక్షణము కావలెను. జిల్లా ఆసుపత్రియందలి మనోవైద్యుని ప్రార్థించి కొన్ని వారములు నేర్పింపవలెను; నెలకొకసారి ఆయనయే భవనమునకు వచ్చిన మఱియు మంచిది. అరుగునకు గల యెల్లలు ముందుగ నేర్పవలసిన పాఠము. వైద్యుడు వ్రాసిన మందును మానుమని చెప్పు నధికారము అరుగున కెన్నడును లేదు. గుడికి పోవువాడు పోవచ్చును, తాయెత్తు కట్టుకొనువాడు కట్టుకొనవచ్చును, మాత్ర మాత్రము మానరాదు. లేని గొంతులు వినుచున్నానన్నవానిని ఆ వారములోనే వైద్యునికి చూపవలెను.

ఇక, చావవలెనని యున్నదని యెవరైన నన్నచో. 2022 సంవత్సరమున మన దేశమున ఆత్మహత్యలచే పోయినవారు 1,70,924 మంది యని ప్రభుత్వపు లెక్క. అందు విద్యార్థులే 13,000కు పైబడియున్నారు. పరీక్షాఫలితములు వచ్చు దినములలో ఉపాధ్యాయులకు నిద్రపట్టదు. ఈ సంగతి తలిదండ్రులకు తెలియదు. అట్టి యూహ కలదేమో యని అడిగిన లేని యూహ పుట్టునని పెద్దలు భయపడుదురు. పుట్టదు, అడిగినందున బరువు దిగునని వైద్యులు రూఢిగ చెప్పుచున్నారు. అడుగవలెను. ఉన్నదన్నచో ఒంటరిగ విడువరాదు, అపాయకరమైన వస్తువులను దూరము చేయవలెను, వెంట నుండి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పోలీసులు కేసు పెట్టుదురని జంకవలదు. అట్టి ప్రయత్నము చేసినవాడు తీవ్రమైన మనఃక్లేశమున నుండెనని భావించి శిక్షింపకుండుట 2017 చట్టముననే యున్నది. రాత్రి రెండుగంటలకు అరుగు తెఱచియుండదు గనుక, 2022 అక్టోబరులో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ అను ఫోనుసేవయొక్క సంఖ్యను, 14416 అని, భవనపు గోడమీద జానెడు అక్షరములతో వ్రాయింపవలెను. పగలు రాత్రి యెప్పుడైనను పలుకుదురు, తెలుగులోనే పలుకుదురు, ఖర్చు లేదు. శిలాఫలకములమీద దాతల పేర్లు వ్రాయింప చోటున్న గోడకు ఈ అయిదంకెలు బరువు కావు.

ఖర్చును గూర్చి కోశాధికారిగారు కనుబొమలు ముడిచియున్నారు. బల్లలు మన యొద్దనే యున్నవి. పాత్రలు వంటసాలలో నున్నవి. తేనీటికిని, దీపములకును, ఒక కాపలాదారునకును, మాఘమాసపు మంచి ముహూర్తములు కొన్నిటి యద్దె చాలునని మేము లెక్క వేసి వారికి వ్రాసియిచ్చితిమి. మిగిలిన పని ఫౌంటెన్ హౌస్ వారి మాదిరిగ వచ్చినవారే చేయుదురు, చేయింపవలెను. గ్రంథాలయపు బీరువాలో పుస్తకములు అయిదేండ్లుగ వరుస తప్పియున్నవి. వానిని సర్దుటకు మనిషి కావలెను. మా శిష్యుడు లెక్కలలో నిపుణుడని చెప్పితిమి గదా. భవనపు అద్దె లెక్కలకును మనిషి కావలెనని కార్యదర్శిగారే యొకప్పు డనిరి. వాని నడిగితిమి, వచ్చెదననెను.

తీర్మానపు ప్రతి అధ్యక్షులవారి చేతనున్నది. మధ్యాహ్నము విషయనిర్ణయసభలో చర్చకు వచ్చును. అందు వంతుల నియమమును తీసివేయవలెనని కొందఱు పట్టుబట్టుదురని వింటిమి. పేరును, వేళలను, ఖర్చును ఎట్లు మార్చినను మాకు సమ్మతమే. వధూవరశాఖతో పొత్తు లేకుండుట, వంతులు, ఈ రెంటిని మాత్రము మార్పకుండ చర్చింప వేడుచున్నాము. కూర్చుండువారి పట్టికలో మా పేరును, మా యింటివారి పేరును మొదట వ్రాసియుంచితిమి. పొరుగు సంఘమువారి యరుగునకు మాకు మంగళ, శుక్రవారము లనుకూలము. క్రింద ఆఱు గీతలు ఖాళీగ నున్నవి. కలము భోజనశాలయొద్ద బల్లమీద నుంచెదము.